బుధవారం మేడం

ఈ మధ్య ఒకమ్మాయి నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం వచ్చిందట. నేను రిటైరయ్యేదాకా చేసిందీ ఆ ఉద్యోగమే. "మేడం, నేను ముందు ఏం నేర్చుకోవాల?" అని అడిగింది. టీ పెట్టి ఇచ్చి, "ఒక్కదానివే కూర్చుని అన్నం తినడం నేర్చుకో" అన్నాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక, అడిగిందొకటి, చెప్పిందొకటి అయిందే అని మనసు పీకింది. అందుకని ఇది రాస్తున్నాను. ఆమెకూ, ఆమెలాంటి వాళ్ళకూ.

కుర్చీ లేని ఉద్యోగం

నాకు బడి లేదు. మండలంలో బళ్ళన్నీ నావే అని కాగితం మీద ఉండేది, అంటే ఏదీ నాది కాదు. చూపు తక్కువ పిల్లలు, వినపడని పిల్లలు, నడక రానివాళ్ళు, బుద్ధి నిదానంగా ఎదిగేవాళ్ళు ఎక్కడెక్కడ ఉంటే అక్కడికి వారానికొకసారి పోవాలి. ఆ పిల్లను తరగతిలోంచి బయటికి పిలిచి, వరండాలోనో చెట్టు కిందనో కూర్చోబెట్టుకుని, చేతనైంది నేర్పించి మళ్ళీ లోపలికి పంపాలి. తర్వాత బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి.

నా పేరు దీవెనమ్మ. ఆ పేరు కావలిలో మా చర్చివాళ్ళకు తెలుసు. బళ్ళలో మాత్రం నేను ఏ రోజు పోతే ఆ రోజే నా పేరు. ఒక ఊళ్ళో శుక్రవారం మేడం, జువ్వలదిన్నె పక్కన, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళుండే ఒక పట్టపుపాలెంలో బుధవారం మేడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది ముచ్చటగా ఉండేది. వయసు పైబడ్డాక ముచ్చట తగ్గింది.

స్టాఫ్ రూములో ఎంతమంది టీచర్లుంటే అన్నే కుర్చీలుంటాయి. నేను పోతే ఎవరో ఒకరు లేచి తమ కుర్చీ ఇచ్చేవారు. మర్యాదస్తులే. కానీ ఒకరు లేచి ఇచ్చిన కుర్చీలో ఎంతసేపని కూర్చుంటాం? పైగా నేను లోపలికి అడుగు పెట్టగానే వాళ్ళ మాట మారిపోయేది. నేను ఆఫీసు మనిషినని వాళ్ళ అనుమానం. ఆఫీసులోనేమో నేను బళ్ళ మనిషిని. అందుకని టిఫిన్ డబ్బా తీసుకుని వరండాలోకి వచ్చేసేదాన్ని. ఎండిన చేపల వాసన, ఉప్పుగాలి, నేను.

అన్ని బళ్ళలోనూ ఒక్క మాట మాత్రం మారేది కాదు. నేను తరగతి గుమ్మంలో కనపడితే చాలు, నోరు తెరవకముందే లోపల ఉన్న టీచరు "తీసుకుపోండి మేడం" అనేవారు. మోసుకొచ్చిన బరువు దించుకున్నట్టు ఉండేది ఆ గొంతు. ఇంకో మాట, "మీ పిల్లోడు". "మీ పిల్లోడు ఈరోజు రాలేదు మేడం", "మీ పిల్ల నిన్న పక్కపిల్లను కొరికింది మేడం". వారంలో మిగతా రోజులన్నీ మీ తరగతిలో కూర్చునే పిల్ల నా పిల్ల ఎట్లా అయింది అని అడగాలనిపించేది. కానీ ఆ బిడ్డను ఆ తరగతిలో వేసేటప్పుడు ఆ టీచరును ఒక్కరూ అడిగి ఉండరు. ఏ మొహం పెట్టుకుని అడిగేది?

"అట్నే మేడం"

నా పైన పనిచేసిన ఆఫీసర్లలో ఒకాయనకు పిల్లలంటే నిజమైన ప్రేమ. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆయన మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. ఆయన పద్ధతి ఒకటే. ఏ పిల్ల ఏ తరగతిలో కూర్చోవాలో ఆఫీసులో కూర్చుని తేల్చేసేవాడు. ఆ కబురు మోసుకుపోవడం నా పని.

"టీచర్లను అడిగితే వద్దంటారమ్మా. అడక్కుండా కూర్చోబెట్టు, వాళ్ళే అలవాటు పడతారు" అనేవాడు.

ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. చేర్చుకోవాలా వద్దా అనేది టీచర్ల ఇష్టానికి వదిలి ఉంటే నేను చూసిన పిల్లల్లో చాలామంది ఈ రోజుకీ గడప బయటే ఉండేవారు. బడికి రావడం ఆ బిడ్డ హక్కు. దానికి ఎవరి సెలవూ అక్కర్లేదు. కానీ బళ్ళో కాలు పెట్టాక ఏం జరగాలి, ఎట్లా జరగాలి అనేది ఆ తరగతిలో రోజూ నిలబడే మనిషితో మాట్లాడకుండా తేలదు. ఈ రెండూ వేరువేరు సంగతులని ఆయనకు నేను నచ్చచెప్పలేకపోయాను.

నేను తోటపల్లి గూడూరు మండలంలో పనిచేసిన రోజుల్లో ఒక బడిలో చూపు బాగా తక్కువ ఉన్న అబ్బాయిని ఎనిమిదో తరగతిలో వేశారు. అక్కడి లెక్కల మాస్టారు చాలా నెమ్మదస్తుడు. బోర్డు మీద పెద్దగా రాయమన్నాను. "అట్నే మేడం" అన్నాడు. రాసేది పైకి చదువుతూ రాయమన్నాను. "అట్నే మేడం." ముందు బెంచీలో కిటికీ పక్కన కూర్చోబెట్టమన్నాను. అదీ అట్నే. నెల్లూరు సీమలో పెద్దవాళ్ళకు ఎదురు చెప్పలేక అనే ఈ అట్నే ఎంత మెత్తగా ఉంటుందో, అంత ఖాళీగా ఉంటుంది. ఏడాది గడిచాక తెలిసింది, కిటికీ పక్కన కూర్చోబెడితే ఎండ కంట్లో పడి ఆ పిల్లవాడికి ఉన్న చూపు కూడా ఆనడం లేదు. ఆ సంగతి పిల్లవాడు చేరిన వారంలోనే మాస్టారికి తెలుసు.

"మరి చెప్పలేదేం సార్?" అన్నాను.

"మీరు చెప్పినారు, నేను చేసినాను. నన్నెవరడిగినారు మేడం?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత నుంచి అట్నే అనే టీచర్ల దగ్గర నేను ఇంకొంచెంసేపు కూర్చునేదాన్ని. కుదరదు అనేవాళ్ళు దొరికితే ఆ రోజు పండగ.

కుదరదన్న హైమావతి

పట్టపుపాలెంలో మస్తానమ్మ అనే పిల్ల ఉండేది. మాట స్పష్టంగా రాదు, బుద్ధి వయసు కంటే చాలా వెనక. కాళ్ళు మాత్రం భలే చురుకు. ఒక్క క్షణం కన్ను మరలిస్తే సముద్రం వైపు పరుగు. తండ్రి నాగూరయ్య చీకట్లోనే పడవ మీద చేపల వేటకు పోతాడు. తల్లి కోటమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్ముకొస్తుంది.

నేను మొదటిసారి వాళ్ళింటికి పోయినప్పుడు ఆ పిల్ల గుంజకు కట్టేసి ఉంది. కాలికి వల తాడు. తాడు చుట్టిన చోట కింద పాత గుడ్డ వేసి ఉంది, ఒరుసుకోకుండా.

"ఏంజేసేది మేడం" అంది కోటమ్మ. "నేను గంపెత్తుకోని పోతే ఇది ఎప్పుడు నీళ్ళల్లో పడతాదో తెలీదు. పక్కింటోళ్ళు మాత్రం ఎన్ని దినాలు చూస్తారు? కట్టేసి పోతా. వచ్చినాక విప్పుతా. వీధుల్లో తిరగతా ఉంటా గానీ నా పానమంతా ఈ గుంజ కాడే ఉంటాది."

ఆమె ఏడవలేదు. నేను బస్సెక్కాక ఏడ్చాను.

ఆఫీసులో చెప్పగానే ఆఫీసరు, "రేపే బళ్ళో వెయ్యి, మూడో తరగతి" అన్నాడు. ఆ పాలెం బడిలో మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో ఒక్క టీచరు దగ్గర ఉండేవి. ఆ టీచరు హైమావతి. వరి పండించుకునే మాగాణి ఊళ్ళ వైపు నుంచి వచ్చిన పిల్ల, సముద్రం అంటేనే భయం. ఉద్యోగం కోసం రోజూ స్కూటీ మీద వచ్చిపోయేది. నేను కబురు చెప్పగానే చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"కుదరదు మేడం" అంది.

"ఎందుకని?"

"నేనొక్కదాన్ని. రెండు క్లాసులు. ఈ గది తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. అది పరిగెత్తితే నేను దాని ఎనక పోవాల, నా ఎనక ఈ పిల్లలంతా వస్తారు. ఎవరో ఒకరు అలలో పోతే? ఉద్యోగం పోతే పోయింది, నేను మళ్ళీ అన్నం తినగలనా?"

ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. తాడు కట్టిన కాలూ నిజమే. రెండింటి మధ్య నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఆఫీసు ఉత్తర్వు ఉంది కాబట్టి ఆ పిల్లను తెచ్చి కూర్చోబెట్టి నా దారిన నేను బస్సెక్కవచ్చు. అట్లా ఎక్కిన బస్సులు నాకు తెలుసు.

"సరే, కుదరదు. ఏం చేస్తే కుదురుద్దో నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. ఆ ప్రశ్న ఆమెనెవరూ అడిగి ఉండరు. "నన్ను ముందు ఆ పిల్లను చూడనీండి" అంది.

పడవలొచ్చే వేళ

కొన్నాళ్ళు కోటమ్మ బేరం మానుకుని తరగతి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. మస్తానమ్మ లోపల. హైమావతి పాఠం చెబుతూనే ఓ కంట ఆ పిల్లను కనిపెట్టింది. తర్వాతి బుధవారం నేను పోయేసరికి ఆమె మొహంలో ఏదో వెలుగు.

"మేడం, అది ఊరికే పరిగెత్తేది లేదు. పొద్దునంతా బాగానే కూర్చుంటాది. పడవల ఇంజన్లు వినపడినప్పుడే లేస్తాది. వాళ్ళ నాయన కోసం."

తెల్లవారుజామున పోయిన పడవలు రెండో పీరియడ్ వేళకు ఒడ్డుకొస్తాయి. ఆ చప్పుడు మాకెవరికీ వినపడకముందే ఆ పిల్లకు వినపడుతుంది. హైమావతి చేసిన పని ఏమిటంటే, సాయంత్రం ఉండే ఆటల పీరియడ్‌ను ఆ వేళకు మార్చేసింది. మస్తానమ్మ లేవగానే తరగతంతా లేస్తుంది. వరసగా ఒడ్డుకు పోతారు. అక్కడ వలలు బాగుచేసుకుంటూ ముసలివాళ్ళు కూర్చుని ఉంటారు. పరిచిన వలలు దాటి ఒక్క పిల్లను కూడా ముందుకు పోనివ్వరు. హైమావతి ముందే పోయి వాళ్ళను అడిగి ఒప్పించుకుంది. సముద్రమంటే భయపడే మనిషి. పిల్లలు వచ్చిన పడవలు లెక్కపెడతారు, పడవల మీద రాసిన పేర్లు చదువుతారు. మస్తానమ్మ వాళ్ళ నాయనను చూసుకుంటుంది. చూసుకున్నాక మారు మాట లేకుండా వెనక్కి తిరుగుతుంది.

ఇది ఏ ట్రైనింగులోనూ లేదు. నా దగ్గర ఉన్న బొమ్మల కార్డులు, రంగుపూసలు ఏవీ ఆ పరుగును ఆపి ఉండేవి కావు. ఆఫీసులో తేల్చిన నిర్ణయమైతే గుంజ ఇంట్లోంచి బళ్ళోకి మారి ఉండేది, అంతే.

హైమావతి ఇంకో షరతు కూడా పెట్టింది. "బుధవారం మీరొచ్చినప్పుడు దాన్ని బయటికి పిలవొద్దు. మీరు నా రెండు క్లాసులూ చూసుకోండి. ఆ గంట నేను దాని దగ్గర కూర్చుంటా. వారంలో ఒక్క గంటైనా నేను దాన్ని సరిగ్గా చూడకపోతే, మిగతా రోజులు ఏం చెప్పాలో నాకెట్టా తెలుస్తాది?"

ఒప్పుకున్నాను. ఆ విధంగా నేను ముసలితనంలో ఎక్కాలు చెప్పాను. ఒకరోజు ఆఫీసరు చెప్పకుండా వచ్చాడు. చూస్తే ప్రత్యేక టీచరు మామూలు పిల్లలతో పన్నెండో ఎక్కం వల్లె వేయిస్తోంది. తరగతి టీచరు వరండాలో మస్తానమ్మతో గవ్వలు రెండు కుప్పలు చేయిస్తోంది.

"ఏమ్మా దీవెనమ్మా, ఇదేనా నీ పని?" అన్నాడు.

"నేనే అడిగినా సార్" అంది హైమావతి వరండాలోంచి.

"ఎవరినడిగి మార్చినావు?"

"నా క్లాసు సార్. నన్ను నేనే అడుక్కున్నా."

ఆయన కాసేపు గవ్వల కుప్పలు చూశాడు. "సరే కానీండి, నేను చూడలేదు" అని జీపెక్కాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోటివెంట నేనెప్పుడూ వినలేదు.

అంతా చక్కబడిందని రాస్తే అబద్ధం. మస్తానమ్మకు నాలుగైదు అక్షరాలకు మించి రాలేదు. తుఫాను హెచ్చరికలతో పడవలు పోని రోజుల్లో తరగతిలో ఉండలేక గోడకు తల కొట్టుకునేది. ఒకరోజు హైమావతి చేతిని కొరికింది. "ఇంక నా వల్ల కాదక్కా" అని ఆమె నా భుజం మీద ఏడ్చింది. అక్కా అని పిలవడం అదే మొదలు. నేను ఏ సలహా ఇవ్వలేదు. ఆమెను ఇంటికి పంపి సాయంత్రం దాకా తరగతి చూసుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. టీచరును నిర్ణయంలో కలుపుకోవడమంటే మీటింగుకు పిలిచి టీ ఇవ్వడం కాదు. ఆమె వల్ల కానిరోజున ఆ గదిలో మీరు నిలబడాలి.

నేను లేని మీటింగు

హైమావతి కూడా తన తరగతితో పాటే ఐదుకు మారింది. మస్తానమ్మ వాళ్ళకు ఐదు పూర్తికావచ్చింది. ఆ వేసవికే నా రిటైర్మెంటు. పిల్లలంతా ఆటోలో పెద్ద ఊరి హైస్కూలుకు పోవాలి. మస్తానమ్మను టౌనులో ప్రత్యేక హాస్టల్లో వేస్తే సరిపోతుందని ఆఫీసులో అప్పటికే అనుకుంటున్నారు. పాత ఆఫీసరు పోయి కొత్తాయన వచ్చాడు. హాస్టల్లో సముద్రం ఉండదు, నాయన పడవ ఉండదు, కూడా పెరిగిన పిల్లలు ఉండరు. ఆ పిల్ల ఎక్కడికి పరిగెత్తుతుంది? ఆ ఆలోచనతో నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. కొత్తాయనతో ఏం మాట్లాడాలో బస్సులో కూర్చుని మాటలు పేర్చుకునేదాన్ని.

ఒక బుధవారం పాలెం స్టాపులో దిగాను. కోటమ్మ గంపతో ఎదురొచ్చింది.

"మొన్న సోమారం అంతా మాట్లాడేసినారు మేడం" అంది. "హైమా టీచరు, పెద్ద బడి నుంచి వచ్చిన టీచరు, మా ఆయన, ఆటో అబ్బాయి అందరూ కూచోని. ఆ టీచరమ్మ మా పిల్లను ఎంతసేపు చూసిందో. దాని తరగతోళ్ళతోనే పెద్ద బడికి పంపిస్తారంట. ఆటోలో నడిమధ్యన కూచోబెడతారంట. ఆపీసోళ్ళు కూడా సరేనన్నారంట." అని నా మొహం చూసి, "మీకు తెలీదా మేడం?" అంది.

తెలుసులే అన్నాను.

బళ్ళోకి పోయి హైమావతిని అడిగాను, నవ్వుతూనే. "నన్ను పిలవలేదే?"

ఆమె చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అక్కా, తోచనే లేదు. పిల్ల మాది, ఆ క్లాసు రేపు ఆమెది, ఇద్దరం కూచుంటే తేలిపోద్దనుకున్నా. సోమవారం మీరు వేరే ఊళ్ళో ఉంటారు కదా. మీకు బుధవారం చెబుదామనుకున్నా."

పిల్ల మాది అంది. ఉద్యోగమంతా ఏ మాట కోసం తిరిగానో ఆ మాట. సంతోషించాను, నిజంగానే. అదే నోటితో తోచనే లేదు అన్నది కూడా నిజం. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఎక్కాలు చెప్పకుండా, తలనొప్పి అని చెప్పి ముందు బస్సుకే వచ్చేశాను.

గంట కొట్టేదాకా

రిటైరైనవాళ్ళకు ఆదివారాలు కష్టమంటారు. నాకు ఆదివారం చర్చి ఉంది. బుధవారమే కష్టం. పొద్దున్నే స్నానం చేసి, చీర కట్టుకుని, డబ్బాలో అన్నం పెట్టుకున్నాక గుర్తొచ్చేది, పోవాల్సిన ఊరు లేదని.

ఒక బుధవారం ఆ డబ్బా పట్టుకుని ఊరికే బస్సెక్కాను. పెద్ద బడి దగ్గర దిగి, ఆరో తరగతి ఎక్కడని అడిగి, గుమ్మంలో నిలబడ్డాను. లోపల కళ్ళజోడు పెట్టుకున్న ఒక చిన్నవయసు టీచరు, ఆ సోమవారం పాలెం వచ్చినామే కాబోలు. మధ్య బెంచీలో, పాలెం పిల్లలకు మధ్యన మస్తానమ్మ. తల వంచుకుని ఏదో గీస్తోంది. కాళ్ళు బెంచీ కింద ఊపుతోంది. ఉత్త కాళ్ళు, ఏ తాడూ లేని కాళ్ళు.

ఆ టీచరు నా వైపు చూసింది. నేను అలవాటుగా, ఆమె తీసుకుపోండి అనడం కోసం ఆగాను.

"ఎవరు కావాలండీ?"

"మస్తానమ్మను ఒకసారి చూసిపోదామని."

"మీరు ఏమవుతారు?"

"ఏమీ కానమ్మా. తెలిసినదాన్ని" అన్నాను.

ఆమె గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. "ఏమనుకోకండీ, ఇప్పుడు పంపను. పాఠం నడస్తా ఉంది. మా పిల్లను మధ్యలో లేపితే మళ్ళీ కుదురుకోడానికి చాలాసేపు పడతాది. గంట కొట్టేదాకా కూర్చుంటారా?"

"కూర్చుంటాను" అన్నాను.

ఆమె ఒక పిల్లను పంపి నాకు కుర్చీ తెప్పించింది. తలుపు దగ్గరికి వేసి లోపలికి పోయింది. నేను వరండాలో కూర్చుని డబ్బా విప్పుకుని, ఒక్కదాన్నే అన్నం తిన్నాను. లోపల పాఠం సాగుతూనే ఉంది. గంట కొట్టకముందే కావలి బస్సు వచ్చింది. చూడాల్సింది గుమ్మంలోనే చూశాను కదా అనుకుని, మూత పెట్టి, లేచి, వెళ్ళి ఎక్కాను.